అత్తయ్య సవతి

సోమవారం

లేవలేదు.

మొన్నటిదాకా దగ్గుతూనో మూలుగుతూనో లేచేది. ఇవాళ కొత్త ప్లగ్గులు, కొత్త పాయింట్లు, కొత్త కండెన్సరు, కొత్త వైర్లు, అన్నీ పెట్టించుకుని దర్జాగా కూర్చుంది. తాళం తిప్పితే కార్బురేటర్లోంచి ఒక్క తుమ్ము తుమ్మి ఊరుకుంది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ తుమ్మింది. మూడోసారికి సైలెన్సర్లో ఢామ్మని పేలింది. ఎదురింటి కుక్క గొలుసు తెంపుకున్నంత పని చేసింది.

"ఏమే, నా సవతికి జలుబు చేసిందా?" అన్నారు అత్తయ్య వరండాలోంచి. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆవిడ ఈ లారీని సవతి అనే అంటారు. పెళ్ళయ్యాక మావయ్య తనతో గడిపినదానికంటే దీంతో గడిపిందే ఎక్కువట.

ఆ మాట అంటే మావయ్య ఎప్పుడూ నవ్వుతారు. ఇవాళ నవ్వలేదు. పేము కుర్చీలో కూర్చుని, వణికే కుడిచేతిని ఎడమచేత్తో నొక్కిపెట్టుకుని, బానెట్టు వైపే చూస్తూ, "నేనే ఏదో తప్పు చెప్పుంటానమ్మా" అన్నారు.

చెప్పింది ఆయన, చేసింది నేను. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన స్టీరింగు నాకిచ్చేశారు. ఇళ్ళు మారేవాళ్ళ మంచాలూ బీరువాలూ వేసుకుని ఇప్పుడు నేనే తిప్పుతున్నాను. రిపేరు పని మాత్రం నా చేతుల మీదుగా ఇదే మొదలు. పొద్దున్నుంచీ ఎంత సంబరపడ్డామో ఇద్దరం. "నట్టు అంతకంటే బిగించకు, దానికి ఊపిరాడదు" అంటారు. "మీకెలా తెలుసు?" అంటే "తెలుస్తుంది" అంటారు. డ్రైవింగు నేర్పినప్పుడూ ఇంతే. గేరు ఎప్పుడు మార్చాలి మావయ్యా అంటే, తెలుస్తుందమ్మా. ఎలా తెలుస్తుంది అంటే, ఎలా ఏంటి, తెలుస్తుంది. నాకు తెలిసేలోపు ఒక కరెంటు స్తంభం పక్కకి వాలింది.

రేపు లేస్తుంది. నాకేం బెంగ లేదు.

మంగళవారం

లేవలేదు.

పెట్రోలు వస్తోంది. ప్లగ్గు తీసి ఇంజనుకి ఆనించి అత్తయ్యని తాళం తిప్పమంటే నీలంగా నిప్పురవ్వ కొడుతోంది. బ్యాటరీ నిండుగా ఉంది. అయినా తుమ్ములే.

నిన్నటి పని మొదటి నుంచీ మళ్ళీ చేశాను. అసలు ఈ తంటా అంతా మా ఆయన వల్ల వచ్చింది. నిన్న నేను డిస్ట్రిబ్యూటరు ఊడదీసుకుని వంటింటి గట్టు మీద పెట్టి తుడుస్తుంటే, ఈ లెక్కల మాస్టారు బడికి వెళ్తూ వెళ్తూ లారీ ముందున్న హ్యాండిలు పట్టుకుని నాలుగు చుట్లు తిప్పారు. ఎందుకండీ అంటే వ్యాయామం అన్నారు. దాంతో ఇంజను తన చోటు నుంచి కదిలిపోయింది. ఏ ప్లగ్గుకి ఎప్పుడు నిప్పు అందించాలో చెప్పేది ఆ డిస్ట్రిబ్యూటరే. ఇంజను కదిలాక దాన్ని ఎలా పడితే అలా పెట్టేస్తే కుదరదు.

మావయ్య కంగారుపడలేదు. "చోటు మళ్ళీ వెతుక్కోవచ్చులే. మొదటి ప్లగ్గు తీసెయ్. ఆ కన్నంలో సన్నటి పుల్ల పెట్టు. హ్యాండిలు మెల్లగా తిప్పుతుంటే లోపల పిస్టను లేస్తూ పుల్లని పైకి తోస్తుంది. ఇంక లేవదు అన్నచోట ఆపెయ్. అప్పుడు డిస్ట్రిబ్యూటరు దింపి, లోపల తిరిగే రోటరు మొదటి వైరు వైపు చూసేలా బిగించు" అన్నారు. సామాన్ల పెట్టె నుంచి ఒక పుల్ల చీల్చి నిన్న సరిగ్గా అలాగే చేశాను. ఇవాళా అలాగే చేశాను. పుల్ల లేచింది, ఆపాను, దింపాను, బిగించాను. తుమ్మింది.

"పుల్ల పెట్టావా అమ్మా?" అన్నారు మావయ్య.

"పెట్టాను మావయ్యా."

కాసేపాగి మళ్ళీ, "పుల్ల పెట్టావా?"

ఈయన నావైపు చూశారు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

మంగళవారం, సాయంత్రం

వంటింట్లో ఈయన గొంతు తగ్గించి మొదలుపెట్టారు. "నాన్నకి మతిమరుపు వస్తున్నట్టుంది. మొన్న పంచదార డబ్బా ఫ్రిజ్జులో పెట్టారు."

"మీరు కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికారు. మీకేం వస్తోంది?"

"వేళాకోళం కాదు. పాత ఇనుము ఆయన్ని ఆదివారం వచ్చి లారీ చూసుకోమన్నాను."

నాకు ఒళ్ళు మండింది. ఒక్కసారి మొరాయించినందుకు తీసుకెళ్ళి ఇనుములో వేస్తారా అన్నాను.

"లారీ గురించి కాదే. ఆయన చెబుతున్నారు, నువ్వు నమ్మి చేస్తున్నావు. ఇవాళ ప్లగ్గుల గురించి తప్పు చెప్పారు, బండి లేవలేదు, అంతే. రేపు బ్రేకుల గురించి తప్పు చెబితే? ఆ బండిలో ఉండేది నువ్వు."

నేను గిన్నెలు ముందేసుకుని గట్టిగా తోమాను. ఆ చప్పుడు ఆగాక చూసుకున్నాను, వంటింటి కిటికీ బార్లా తెరిచి ఉంది. దాని అవతలే మావయ్య కుర్చీ.

బుధవారం

మావయ్య ఇవాళ వరండాలోకి రాలేదు.

గురువారం

రేపు మేస్త్రీ వచ్చాడు. మెకానిక్కుకి ఆ పేరు మేం పెట్టింది కాదు, పేటంతా పిలిచేదే. ఏం అడిగినా రేపు అంటాడు. ఇవాళ నిజంగానే వచ్చేసరికి ఏం మాట్లాడాలో నాకే తోచలేదు.

వైర్లు వరసగా వేలితో తడిమాడు. "ఆర్డరు కరెక్టుగానే ఉందక్కా. స్పార్కు ఉంది, పెట్రోలు ఉంది. ఇంకా లేవట్లేదంటే పిస్టను రింగులు అరిగిపోయుంటాయి. ఇంజను మొత్తం విప్పాలి."

"మొన్న శుక్రవారం బీరువాలు రెండు వేసుకుని ఎత్తెక్కింది. శనాదివారాల్లో అరిగిపోయాయా రింగులు?"

"అదీ నిజమేననుకో." తల గోక్కున్నాడు. ఇంతలో ఫోను మోగింది. "రేపొచ్చి తీరిగ్గా చూస్తానక్కా" అని స్కూటరెక్కాడు.

లోపలికెళ్ళి మావయ్యకి చెప్పాను, వైర్లు సరిగ్గానే ఉన్నాయట, మీరు చెప్పిన వరస తప్పు కాదు అని. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. "ఏదో ఒకటి తప్పే కదమ్మా. లేవట్లేదు కదా" అన్నారు.

ఈ ఇంటికి వచ్చేటప్పటికి నాకు సైకిలు కూడా రాదు. మా నాన్న ఎక్కనిచ్చేవాడు కాదు. మావయ్య నన్ను లారీ ఎక్కించి, పక్కన కూర్చుని, స్తంభానికి గుద్దినప్పుడు దిగి స్తంభాన్ని చూసి "దీనికి ముందే కొంచెం ఒంగే బుద్ధుంది" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆ రోజు నేను మళ్ళీ స్టీరింగు పట్టుకోగలిగాను.

లారీ పోతే పోయింది. ఇంకోటి కొనుక్కుంటాం. ఆ మనిషికి తన బుర్ర మీద నమ్మకం పోతే అది ఎక్కడ దొరుకుతుంది?

శుక్రవారం

మావయ్య జేబులో ఎప్పుడూ ఉండే లారీ రెండో తాళంచెవి వంటింటి మేకుకి వేలాడుతోంది. ఎవరు తగిలించారని ఎవరూ అడగలేదు.

ఆదివారం ఇల్లు మారే టీచరమ్మకి ఫోను చేసి, బండికి కాస్త పనుంది, ఏ సంగతీ రేపు చెబుతాను అన్నాను. ఫోను పెట్టేశాక నేనూ రేపు మేస్త్రీనైపోయానని తెలిసింది.

పుల్ల పెట్టి మళ్ళీ చేశాను. తుమ్మింది. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అత్తయ్య విని, "అలా తిట్టకే, ఎంతైనా నాకంటే చిన్నది" అన్నారు.

శనివారం

ఇవాళ జరిగింది ఏదీ వదలకుండా రాసుకోవాలి.

పొద్దున టీచరమ్మ పరుపుల గురించి ఆలోచిస్తూ, పరుపు చుట్టకి అత్తయ్య వేసే ముడి ఎలా వెయ్యాలో అడిగాను. ఆ ముడి వేస్తే దారంతా గతుకులైనా ఊడదు, విప్పేటప్పుడు మాత్రం ఒక కొస లాగితే చాలు. "ఏముందే, ఇలా తిప్పి, కింద నుంచి తీసి... కాదు, పై నుంచి... ఉండు" అని ఆవిడ తికమకపడ్డారు. తర్వాత నోరు మూసుకుని, ఖాళీ చేతులతో గాల్లో ముడి వేశారు. వేళ్ళు తడుముకోకుండా గబగబా వెళ్ళాయి. ఆ వేళ్ళని చూస్తూ, "ఆఁ, కింద నుంచే" అన్నారు.

కూరగాయల కత్తి అక్కడే పడేసి మావయ్య గదిలోకి పరిగెత్తాను.

"నాకేం గుర్తులేదమ్మా. నన్నడక్కు" అన్నారు, నేను నోరు తెరవకముందే.

"గుర్తు తెచ్చుకోవద్దు. ఏం చెప్పొద్దు కూడా. డిస్ట్రిబ్యూటరు పెట్టడానికి ముందు మీరేం చేసేవారో చేసి చూపించండి, చాలు."

"ఇక్కడ ఇంజనెక్కడుంది?"

"ఉందనుకోండి. ఇదిగో, ఈ మంచం పట్టె ఇంజను. ఇక్కడ మొదటి ప్లగ్గు."

ఆయన లేవలేదు. గుమ్మంలోంచి అత్తయ్య అందుకున్నారు. "ఒక్కరే ఎలా చూపిస్తారు? హ్యాండిలు తిప్పింది ఎవరనుకున్నావు? నేను! కొంగు బిగించి, చెమటలు కారేలా. సవతికి ఊడిగం చేసిన దాన్ని లోకంలో నేనొక్కదాన్నే."

మంచం చివర నిలబడి, నడుం వంచి, లేని హ్యాండిలు పట్టుకున్నారు. "ఏమండీ, తిప్పనా?"

మావయ్య ఆవిడ వైపు చూశారు. తర్వాత మంచం దిగి పట్టె మీదికి ఒంగారు. అత్తయ్య తిప్పడం మొదలుపెట్టారు. "ఊఁ" అన్నారు మావయ్య. "ఊఁ. ఇంకా. ఊఁ. మెల్లగా. మెల్లగా. ఆపు!"

అత్తయ్య ఆపేశారు. ఇద్దరూ గాల్లో అలాగే ఉండిపోయారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అప్పుడు చూశాను, మావయ్య కుడిచేతి బొటనవేలు మంచం పట్టెని అదిమిపెట్టి ఉంది. వణుకుతోంది, అయినా వదలడం లేదు.

"ఆ వేలు ఏం చేస్తోంది మావయ్యా?"

ఆయన తన వేలిని ఎవరిదో చూసినట్టు చూసుకున్నారు.

"ప్లగ్గు కన్నం మూసింది."

"ఎందుకు?"

"ఎందుకేంటి? గాలి తన్నాలి కదా."

"తన్నకపోతే?"

"తన్నకపోతే అది కాదు. ఇంకో చుట్టు తిప్పాలి."

ఆయనకే అర్థం కావాలని ఆగాను. అత్తయ్య లేని హ్యాండిలు వదిలి నడుం సరిచేసుకున్నారు.

"నీకు చెప్పలేదా ఇది?" అన్నారు మావయ్య మెల్లగా.

"పుల్ల చెప్పారు. వేలు చెప్పలేదు."

ఇంతకీ సంగతి ఇది. పిస్టను రెండుసార్లు పైకొస్తుంది. ఒకసారి కాలిన పొగని బయటికి నెట్టేస్తూ, ఇంకోసారి ఊపిరి బిగబట్టి. నిప్పు అందించాల్సింది బిగబట్టినప్పుడు. పుల్ల మాత్రం రెండుసార్లూ ఒకేలా లేస్తుంది, దానికేం తెలుసు? తేడా తెలిసేది వేలికి. కన్నం మూసిన వేలిని లోపలి గాలి ఎగదన్నితే అదే సరైన రాక. సోమవారం నుంచీ నా ఖర్మకొద్దీ ప్రతిసారీ అది ఊపిరి వదిలేసినప్పుడే నిప్పు పెడుతున్నాను, అది పాపం తుమ్ముతోంది. వైర్ల వరస సరే, అన్నీ సరే. మొత్తం కలిపి సరిగ్గా తిరగబడి ఉంది.

"అయితే మర్చిపోయాను కదమ్మా" అన్నారు మావయ్య. "అంత ముఖ్యమైంది చెప్పడం మర్చిపోయాను."

"మర్చిపోవడానికి అది మీకెప్పుడు తెలుసు? మీ వేలికి తెలుసు. మీరెప్పుడైనా ఎవరికైనా నోటితో చెప్పారా ఆ మాట?"

ఆలోచించారు. "లేదు. చెప్పలేదు. ఎప్పుడూ నేనే చేసుకునేవాణ్ణి." మరి కాస్త ఆలోచించారు. "అంటే నాకు బుర్ర పోలేదు, మొదటి నుంచీ లేదంటావు."

"అది నేను పెళ్ళయిన వారానికే కనిపెట్టాను" అన్నారు అత్తయ్య.

మావయ్య పకపకా నవ్వేశారు. ఆ నవ్వు వినడానికి నేను సోమవారం నుంచీ కాచుకుని ఉన్నానని అది విన్నాకే తెలిసింది.

మధ్యాహ్నం అందరం బానెట్టు చుట్టూ చేరాం. ఈయన్ని హ్యాండిలు దగ్గర నిలబెట్టి, చేసుకోండి వ్యాయామం అన్నాను. కన్నం మీద నా బొటనవేలు పెట్టాను. దాని మీద మావయ్య తన వేలు పెట్టారు. ఆ వణుకు నా చేతిలోకి వస్తోంది.

ఈయన తిప్పారు. మొదటిసారి ఏమీ లేదు, వేలి కింద గాలి కదిలీ కదలనట్టు ఉంది. ఇంకో చుట్టు. ఉన్నట్టుండి లోపల్నుంచి ఎవరో తలుపు తోసినట్టు నా వేలిని నెట్టింది.

"ఇదేనా మావయ్యా?"

"నన్నడుగుతావేం? నీ వేలినే అడుగు."

ఇదే. అక్కడి నుంచి పుల్ల పెట్టి పిస్టను పూర్తిగా పైకి రానిచ్చాం. డిస్ట్రిబ్యూటరు పైకి లాగి, రోటరుని అటు నుంచి ఇటు తిప్పి మళ్ళీ దింపాను. ప్లగ్గు బిగించి, వైరు తగిలించి, ఎక్కి కూర్చుని తాళం తిప్పాను.

లేచింది. తుమ్మలేదు, దగ్గలేదు. ఏమీ జరగనట్టు లేచింది, దొంగముండ.

మావయ్య కళ్ళు తుడుచుకున్నారు. నాకు కూడా నీళ్ళొచ్చాయి. పొగ వల్ల.

ఈయన బానెట్టు మూస్తుంటే మావయ్య వచ్చి పక్కన నిలబడ్డారు. "ఒరేయ్, ఆ రోజు కిటికీలోంచి విన్నాను" అన్నారు. ఈయన మొహం పాలిపోయింది. "నువ్వన్నది తప్పు కాదురా. బ్రేకులు మాత్రం నా మాట మీద వద్దు. ఎప్పుడు విప్పినా రేపు మేస్త్రీ వచ్చి చూడాల్సిందే. పంచదార డబ్బా నేనే పెట్టాను ఫ్రిజ్జులో, అదీ నిజమే. కానీ చేతులతో చూపించగలిగినన్ని రోజులు చూపిస్తాను. అమ్మాయి చూసుకుంటుంది."

ఈయన వాళ్ళ నాన్న చేతికంటిన గ్రీజు తన చొక్కాతో తుడిచారు. ఇస్త్రీ చొక్కా. నేను ఒక్క మాట అనలేదు.

ఆదివారం

టీచరమ్మ సామాను అంతా చేర్చేశాను. పరుపుల ముడి ఊడలేదు. మావయ్య పక్కసీట్లో కూర్చుని, ప్రతి మలుపులోనూ గాల్లో గేర్లు మారుస్తూ వచ్చారు. ఇప్పుడు ఆయన నోటి వైపు కాదు, చేతుల వైపు చూస్తున్నాను. ఇన్నాళ్ళూ ఎంత చదువు వృథా చేశానో.

ఇంటికొచ్చాక అత్తయ్య చెప్పారు, పాత ఇనుము ఆయన వచ్చి చాలాసేపు కూర్చున్నాడట. లారీ ఏదమ్మా అంటే, "మా సవతి బయటికెళ్ళింది నాయనా, మా ఆయనతో" అన్నారట. ఆయన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడట.

మేకుకి తాళంచెవి లేదు. మావయ్య జేబు కిందికి వేలాడుతోంది.

బుధవారం

మావయ్య కళ్ళజోడు వెతగ్గా వెతగ్గా చివరికి బియ్యం డబ్బాలో దొరికింది. ఇద్దరం నవ్వాం. తర్వాత నేను స్నానాలగదిలోకి వెళ్ళి కాసేపు ఉండి వచ్చాను. ఏం లేదు. మొహం కడుక్కున్నాను.

ఆదివారం

ఈయన తనంతట తనే వచ్చి, నాక్కూడా నేర్పండి అన్నారు. నాతో కాదు, వాళ్ళ నాన్నతో. మావయ్య కుర్చీలో సర్దుకుని కూర్చుని, బాగున్న ఇంజను నుంచి మళ్ళీ డిస్ట్రిబ్యూటరు పీకించారు. హ్యాండిలు ఇష్టమొచ్చినట్టు తిప్పమని అత్తయ్యకి చెప్పారు. అత్తయ్య కసిగా తిప్పారు.

ఈయన కన్నం మీద వేలు పెట్టారు. నేను హ్యాండిలు పట్టుకుని మెల్లగా తిప్పుతున్నాను.

"ఇదిగో, ఇప్పుడు తన్నినట్టుంది. ఇదేనా? లేక ముందుది కూడా తన్నిందా? ఎంత గట్టిగా తన్నితే అది అసలైనదని లెక్క? దానికో కొలత ఉంటుంది కదా. ఎలా తెలుస్తుంది?"

చెబుదామనే నోరు తెరిచాను. రెండు రాకలు, పొగ, బిగబట్టిన ఊపిరి, అన్నీ వరసగా నాలుక మీదే ఉన్నాయి. చెబుతూ చెబుతూ నా వేలిని తలుచుకున్నాను, మాటలు ఎక్కడికో పోయాయి.

"తెలుస్తుందండీ" అన్నాను.

"ఎలా?"

"ఎలా ఏంటి? తెలుస్తుంది."

వెనక వరండాలో పేము కుర్చీ కిర్రుకిర్రుమంటోంది. మావయ్య పొట్ట పట్టుకుని, చప్పుడు రాకుండా నవ్వుతున్నారని తిరిగి చూడకుండానే తెలిసింది.